ముద్ర పడే దాకా ఆగండి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పుట్టగొడుగుల గురించే. ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పాను, అందులోనూ శిలీంధ్రాలంటే నాకు ప్రాణం. అందుకని సంపాదకులు ఆ ఉత్తరాలన్నీ తెచ్చి నా ముందు పెట్టారు. ఒకే విషయం నలుగురు అడిగితే ఒక ప్రశ్నగా కలిపాను. మొదటి ఉత్తరానికి మాత్రం కాస్త పెద్ద జవాబు రాయక తప్పలేదు.

ప్రశ్న: టీచర్ గారూ, ఉద్యోగం కోసం కుటుంబంతో వేరే దేశం వచ్చి ఏడాది దాటింది. మొన్న వానలు పడ్డాక ఇక్కడి పార్కులో చెట్ల కింద పుట్టగొడుగులు మొలిచాయి. చిన్నప్పుడు అమ్మమ్మతో కలిసి ఏరిన వరిగడ్డి పుట్టగొడుగులు అచ్చం ఇలాగే ఉండేవి. గుడ్డులా మొలవడం, ఆ పెంకు చీల్చుకుని గొడుగు పైకి రావడం, అడుగున పెంకు సంచిలా మిగలడం, అన్నీ అవే. బుట్టెడు ఏరి ఫ్రిజ్‌లో పెట్టాను. ఫొటోలు పంపుతున్నాను. తినొచ్చా?

జవాబు: మీ మెయిల్ చివర ఫోన్ నంబరు ఉండబట్టి సరిపోయింది. చదివిన వెంటనే ఫోన్ చేసి, తినొద్దని, పిల్లలకు అందకుండా పెట్టమని చెప్పాను. ఆ రోజు హడావిడిలో కారణాలు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మీకు గుర్తున్న మూడు లక్షణాలూ నిజమే. గుడ్డులాంటి మొలక, పైపొర చీలడం, అడుగున సంచి. వరిగడ్డి పుట్టగొడుగుకు అవి ఉంటాయి. డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగుకూ అవే ఉంటాయి. శాస్త్రంలో దాని పేరు అమనైటా ఫల్లాయిడిస్. ప్రపంచంలో పుట్టగొడుగులు తిని పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం దాని వల్లే పోయాయి. దాని సొంతగడ్డ ఐరోపా. అక్కడి నుంచి నాటడానికి తీసుకెళ్లిన చెట్ల వేళ్లతో పాటు ఉత్తర అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ, దక్షిణాఫ్రికాకూ చేరింది. ఓక్ లాంటి చెట్ల వేళ్లతో కలిసి బతుకుతుంది కాబట్టి ఆ చెట్లున్న పార్కుల్లో, వీధుల్లో కూడా మొలుస్తుంది.

వరిగడ్డి పుట్టగొడుగు తిని పెరిగినవాళ్లు డెత్ క్యాప్ ఉన్న దేశానికి వెళ్లినప్పుడు మీలాగే మోసపోతారు. 2011 చివరి రాత్రి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డెత్ క్యాప్‌లు వండుకుని తిన్నవాళ్లలో ఇద్దరు 2012 జనవరి మొదట్లో చనిపోయారు. వరిగడ్డి పుట్టగొడుగులనుకునే ఏరారని భావిస్తున్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. చిన్నప్పటి నుంచి కళ్లకు అలవాటైన రూపం కనబడింది, చెయ్యి వెళ్లింది. మీ అమ్మమ్మ గారికి తెలిసింది ఆవిడ నేలకు సరిపోయింది. నేల మారితే ఆ తెలివిడి సరిపోదు.

మరి తేడాలు లేవా అంటే ఉన్నాయి. పూర్తిగా విచ్చుకున్న డెత్ క్యాప్ కాడకు పైభాగాన లంగాలా వేలాడే పల్చటి పొర ఉంటుంది. వరిగడ్డి పుట్టగొడుగుకు ఉండదు. కానీ ఆ పొర వానకో, చేతి తాకిడికో రాలిపోతుంది. గొడుగు కింద మడతల్లా ఉండే రేకులు, గిల్స్ అంటాం, డెత్ క్యాప్‌లో చివరి దాకా తెల్లగానే ఉంటాయి. వరిగడ్డి పుట్టగొడుగులో ముదిరేకొద్దీ గులాబి రంగుకు తిరుగుతాయి. కానీ లేతగా ఉన్నప్పుడు రెండింటివీ తెలుపే. గుడ్డు దశలో అయితే రేకులే కనబడవు. మనం ఏరేది లేతవాటినే కదా, చిక్కంతా అక్కడే వచ్చింది.

రంగు చూసి చెప్పొచ్చా అని ఫోన్‌లో అడిగారు. డెత్ క్యాప్ మామూలుగా పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. కానీ కొన్ని దాదాపు తెల్లగా, కొన్ని గోధుమ రంగులో కూడా ఉంటాయి. వానకు తడిసి రంగు వెలిసిపోతుంది. రంగును నేను ఎప్పుడూ ఆఖరి సాక్షిగానే చూస్తాను.

మొలిచిన చోటు ఇంకొంచెం నమ్మదగ్గది. వరిగడ్డి పుట్టగొడుగు కుళ్లుతున్న గడ్డి మీద, ఎరువు కుప్పల మీద మొలుస్తుంది. మీవి చెట్టు కింద మట్టిలోంచి వచ్చాయన్నారు. ఆ ఒక్క మాటకే నా గుండె గుభేలుమంది. పైగా మీ ఫొటోలన్నీ పైనుంచి తీసినవి. కాడలు మధ్యలో తుంచి ఉన్నాయి. అడుగున సంచి ఒకదానికే కాస్త కనబడుతోంది, మిగతావన్నీ నేలలోనే ఉండిపోయాయి. పుట్టగొడుగును తుంచకూడదు, చిన్న కత్తితో చుట్టూ మట్టి తవ్వి మొదలంటా పైకెత్తాలి. నేను విద్యార్థులకు మొదటి రోజు నేర్పేది అదే.

ప్రశ్న: వెండి చెంచా వేసి ఉడికిస్తే నల్లబడితే విషమనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, పురుగులు తిన్నదైతే మనమూ తినొచ్చనీ మా ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. ఇందులో నిజం ఎంత?

జవాబు: ఏమీ లేదమ్మా. ఈ మూడూ ప్రపంచమంతా తిరుగుతున్న నమ్మకాలే, మూడింటి వల్లా మనుషులు పోయారు. డెత్ క్యాప్‌లోని విషాన్ని అమటాక్సిన్ అంటారు. అది వెండితో కలిసి రంగు మారదు, వెల్లుల్లిని ఏమీ చేయదు. నత్తలు డెత్ క్యాప్‌ను హాయిగా తింటాయి. వాటి శరీరం వేరు, మనది వేరు.

నాలుగో నమ్మకం కూడా మీరు విని ఉంటారు, బాగా ఉడికిస్తే విషం పోతుందని. అమటాక్సిన్ ఉడికినా, ఎండినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టినా పోదు. ఉడికించిన నీళ్లు పారబోసినా పోదు. చేదుగా ఉంటే ఉమ్మేస్తాం కదా అని ఒకాయన రాశారు. చేదుగా ఉండదు. డెత్ క్యాప్ తిని బతికినవాళ్లు రుచి బాగుందనే చెప్పారు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. పుట్టగొడుగు ఫొటో తీస్తే పేరు చెప్పే ఆప్‌లు ఉన్నాయి. వాటిని నమ్మొచ్చా? స్పోర్ ప్రింట్ అంటారు, అది ఇంట్లో తీయగలమా?

జవాబు: నేర్చుకోవడానికి ఆప్ వాడు బాబూ, తినడానికి వాడకు. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు మూడు ఆప్‌లను పరీక్షించారు. వాటిలో బాగా చేసినది కూడా సగం పుట్టగొడుగులనే సరిగ్గా గుర్తుపట్టింది. దానికి కారణం ఉంది. ఫొటోలో వాసన ఉండదు, నేలలో మిగిలిన అడుగు భాగం ఉండదు, నువ్వు అడిగిన స్పోర్ ప్రింట్ అసలే ఉండదు.

స్పోర్లంటే సిద్ధబీజాలు. పుట్టగొడుగు తన సంతానాన్ని రేకుల మధ్య నుంచి సన్నటి పొడిలా రాలుస్తుంది. ఒక్కో బీజం కంటికి ఆనదు, లక్షలుగా రాలినప్పుడు వాటి రంగు తెలుస్తుంది. ఇంట్లో తీయడం సులువే. కాడ కోసేసి, గొడుగును రేకులు కిందికి ఉండేలా కాగితం మీద బోర్లించు. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉండాలి, తెల్ల బీజాలు తెల్ల కాగితం మీద కనబడవు. గాలి తగలకుండా గిన్నె మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున గొడుగు ఎత్తితే రేకుల ముద్ర ఉంటుంది. డెత్ క్యాప్ కుదురుకు చెందిన అమనైటాలకు తెలుపు, వరిగడ్డి పుట్టగొడుగుకు గులాబి. చెట్ల మొద్దుల మీద మొలిచే చిన్న గోధుమరంగు గలెరినాకు తుప్పు రంగు. గలెరినాలోనూ అమటాక్సినే ఉంటుంది. మొద్దుల మీద గుత్తులుగా వచ్చే తేనె పుట్టగొడుగులనుకుని దాన్ని కోస్తారు. తేనె పుట్టగొడుగు ముద్ర తెలుపు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో హాస్టల్ ముందు పచ్చికలో జానెడు వెడల్పున గొడుగులు విచ్చుకున్నాయి. తెల్లటి టోపీ, నడి నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. రేకులు తెలుపు. పుస్తకంలో పారసోల్ అనే తినే రకం బొమ్మ పెట్టుకుని నేనూ నా స్నేహితురాలూ ఒక్కో లక్షణం సరిచూశాం. అన్నీ కలిశాయి. సాయంత్రం నాలుగింటికి ఒక గొడుగును కాగితం మీద బోర్లించి గిన్నె మూత పెట్టాను కూడా. మేష్టారు నేర్పిన పద్ధతి. కానీ పొద్దుటిదాకా ఆగలేదు. రాత్రి ఎనిమిదింటికి వండుకుని తిన్నాం. పదింటికి నాకు వాంతులు మొదలయ్యాయి, పదిన్నరకు తనకు. నేను ఒక రాత్రి సెలైన్‌తో బయటపడ్డాను. ఎక్కువ తిన్నది తను. మూడు రోజులు మంచం మీదే ఉంది, మొదటి రాత్రి నాడి అందడం లేదని డాక్టర్ అనడం నేను పక్క మంచం నుంచి విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గదికి వచ్చి గిన్నె ఎత్తి చూశాను. ముద్ర ఆకుపచ్చగా పడి ఉంది. పారసోల్ ముద్ర తెలుపు. ఆకుపచ్చ ముద్ర వేసేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. పచ్చిక బయళ్లలో మొలుస్తుంది, రేకులు బాగా ముదిరాక గానీ పచ్చబడవు. నా ప్రశ్నకు సమాధానం ఆ గిన్నె కింద తయారవుతూనే ఉంది, నేనే ఆగలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. రంగు వెలిసిపోయింది, గీతలు మాత్రం తెలుస్తాయి. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో అది చూపించాను.

ఒక్క ముద్రతోనే పేరు తేలిపోతుందని అనుకోకు. తెల్ల ముద్ర వేసేవాటిలో తినేవీ ఉన్నాయి, చంపేవీ ఉన్నాయి. ముద్ర రంగు కలవకపోతే అది నువ్వనుకున్నది కాదని ఖాయంగా తెలుస్తుంది. కలిస్తే మిగతా లక్షణాలు చూడడానికి అర్హత వచ్చినట్టు, అంతే. అడుగు, ఉంగరం, రేకులు కాడకు అతుక్కున్న తీరు, కోస్తే మారే రంగు, వాసన, మొలిచిన చోటు, అన్నీ కలవాలి. ఆ పైన ఆ రకాన్ని ఏళ్ల తరబడి చేత్తో పట్టుకుని చూసినవాళ్లు దాన్ని స్వయంగా చూసి ఔననాలి. ఒక్కటి కలవకపోయినా వదిలెయ్యి.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా ఒకే రకం ఏరుకుని తింటున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

జవాబు: మీ ధైర్యాన్ని తక్కువ చేయను. ఒకే చోట, ఒకే రకాన్ని, తరాలుగా చూసినవాళ్ల కన్ను నిజంగానే గట్టిది. నేను నేర్చుకున్నదాంట్లో సగం అలాంటి పెద్దవాళ్ల వెనక తిరిగి నేర్చుకున్నదే. కానీ మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. గుర్తుపట్టడంలో తప్పు లేకపోవడం వేరు, ఆ రకంలో విషం లేకపోవడం వేరు.

జర్మనీలో జూలియస్ షెఫర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఉండేవారు. పుట్టగొడుగులను గుర్తుపట్టడంలో ఆయనకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. 1944లో ఆయనా భార్యా పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్ వండుకుని తిన్నారు. ఐరోపాలో ఎంతోమంది ఏళ్ల తరబడి తిన్న రకం అది. ఆయన గుర్తుపట్టడంలో పొరపాటు పడలేదు. తిన్న కొద్దిసేపటికే జబ్బుపడి, కిడ్నీలు చెడి, 17 రోజులకు చనిపోయారు. ఆ పుట్టగొడుగు పదేపదే తిన్న కొందరిలో శరీరం దానికి ఎదురుతిరుగుతుందని, ఆ పోరులో సొంత ఎర్ర రక్తకణాలే పగిలిపోతాయని తర్వాత తెలిసింది. అంటే పదేళ్లుగా ఏమీ కాలేదన్న మాట పదకొండో ఏడుకు హామీ ఇవ్వదు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఫ్రాన్స్‌లో మార్కెట్లలో అమ్మిన పసుపుపచ్చ ట్రైకొలోమా అనే పుట్టగొడుగు మీద 2001లో వైద్యులు నివేదిక ఇచ్చారు. వరసగా కొన్ని పూటలు ఎక్కువగా తిన్న 12 మందికి కండరాలు కరిగిపోయే జబ్బు వచ్చింది, ముగ్గురు చనిపోయారు. జపాన్‌లో అందరూ తినే ఏంజెల్ వింగ్ రకం 2004లో 17 మందిని బలితీసుకుంది. వాళ్లలో చాలామందికి అంతకు ముందే కిడ్నీ జబ్బుంది. మీ ఇంట్లో కిడ్నీ, కాలేయం బాగోలేనివాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే అడవి పుట్టగొడుగులు ఏ రకమైనా వాళ్లకు పెట్టకండి. మిగతావాళ్లు కొద్దిగా తినండి, వండని పుట్టగొడుగు ఒకటి పక్కన దాచిపెట్టండి. రెండు రకాలు కలిపి వండకండి.

ప్రశ్న: పఫ్‌బాల్ అనే గుండ్రటి తెల్ల పుట్టగొడుగుకు గొడుగే ఉండదు కదా, దానిలో పొరపాటు పడే అవకాశమే లేదంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు, పొరపాటు పడే అవకాశం ఉంది. లేత అమనైటా కూడా మట్టిలోంచి తెల్లటి గుడ్డులాగే వస్తుంది. ప్రతి కాయనూ నిలువునా రెండుగా కోయండి. పఫ్‌బాల్ అయితే లోపలంతా ఒకే తెలుపు, గట్టి పెరుగులా, ఏ గీతా ఉండదు. లోపల చిన్న గొడుగు, కాడ ఆకారం నీడలా కనిపిస్తే అది అమనైటా కావచ్చు, పారేయండి. పసుపు, ఊదా, నలుపు తిరిగినా పారేయండి. పదిటిలో తొమ్మిది కోసి పదోది వదిలేయకూడదు. మోరెల్ అనే తినే పుట్టగొడుగుకూ ఇదే కత్తి పనికొస్తుంది. అసలు మోరెల్ నిలువునా కోస్తే కొన నుంచి మొదలు దాకా ఒకే బోలు. దొంగ మోరెల్ లోపల గదులు గదులుగా, దూదిలా ఉంటుంది. దాని శాస్త్రీయ నామం గైరోమిట్రా ఎస్కులెంటా, ఎస్కులెంటా అంటే తినదగినది అని అర్థం. పేరు పెట్టినప్పుడు దాని విషం సంగతి తెలియదు.

ప్రశ్న: ఎవరైనా పొరపాటున తింటే వెంటనే ఏం చేయాలి? ఎన్ని గంటలు చూడాలి?

జవాబు: అనుమానం వచ్చిన క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు వచ్చాక చూద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఎందుకో చెబుతాను.

అమటాక్సిన్ తిన్నాక మామూలుగా 6 నుంచి 24 గంటలు ఏమీ తెలియదు. రాత్రి తిని హాయిగా పడుకుంటారు. మర్నాడు విపరీతమైన వాంతులు, నీళ్ల విరేచనాలు. ఒకటి రెండు రోజులకు అవి తగ్గుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, ఇంటికి వెళ్లిపోదామంటాడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది అప్పుడే, కాలేయం దెబ్బతింటూ ఉండేదీ అప్పుడే. మన కణాలు ప్రోటీన్లు తయారు చేసుకోవడానికి ముందు ఆర్‌ఎన్‌ఏ తయారు కావాలి, ఈ విషం ఆ పనిని ఆపేస్తుంది. కాలేయంలోంచి పైత్యరసంతో పేగులోకి దిగి, అక్కడి నుంచి మళ్లీ కాలేయానికే చేరుతుంది. మూడో రోజుకో, నాలుగో రోజుకో కళ్లు పచ్చబడతాయి. అప్పటికి కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. అందుకే వాంతులు తగ్గాయని ఆసుపత్రి నుంచి తీసుకెళ్లొద్దు. తిన్న సంగతి, తిన్న గంట, వాంతి మొదలైన గంట డాక్టర్‌కు కచ్చితంగా చెప్పండి. ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులంటే డాక్టర్లు ముందుగా అమటాక్సిన్‌నే అనుమానిస్తారు. అయితే గంటకే వాంతులు వచ్చాయి కాబట్టి గండం గడిచిందనుకోవద్దు. బుట్టలో రెండు రకాలు కలిసి ఉండొచ్చు.

కార్టినేరియస్ అనే పుట్టగొడుగుల్లో కొన్నిటి విషం ఇంకా నెమ్మది. తిన్న కొన్ని రోజులకు, ఒక్కోసారి రెండు మూడు వారాలకు కిడ్నీలు ఆగిపోతాయి. 1950లలో పోలండ్‌లో నూరుమందికి పైగా అలా జబ్బుపడే దాకా దాని సంగతి ఎవరికీ తెలియలేదు. తిన్నదానికీ జబ్బుకూ సంబంధం ఉందని తోచనంత ఎడం మరి.

ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు, ఉప్పునీళ్లు, నాటుమందులు వద్దు. మిగిలిన పుట్టగొడుగులు, వండిన కూర, చెత్తబుట్టలోని తుంపులు కూడా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో చెమర్చి కుళ్లిపోతాయి. అదే పళ్లెంలో తిన్న అందరినీ తీసుకెళ్లండి, బాగానే ఉన్నామన్నవాళ్లను కూడా.

ప్రశ్న: టీచర్ గారూ, మొదట ఉత్తరం రాసింది నేనే. మీరు ఫోన్‌లో చెప్పినట్టు ఒక గొడుగును నలుపు తెలుపు కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచాను. పొద్దున నల్ల సగంలో తెల్లటి ముద్ర పడింది. పార్కుకు వెళ్లి ఒకటి మొదలంటా తవ్వి చూశాను, కాడ పైన పల్చటి పొర వేలాడుతోంది. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నవి ఏం చేయాలి? ఇన్ని రోజులు చేత్తో పట్టుకున్నాం, మా పాప కూడా ముట్టుకుంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాపకు ఏమీ కాదు, మీకూ కాదు. ఈ విషం చర్మం మీంచి లోపలికి పోదు, కడుపులోకి వెళ్లాలి. సబ్బుతో చేతులు కడుక్కోండి. పాప నోట్లో పెట్టుకోలేదు కదా అని ఒకసారి అడగండి, ఏ కాస్త అనుమానం ఉన్నా డాక్టర్‌కు చూపించండి.

నేను దూరం నుంచి అది డెత్ క్యాపేనని తేల్చి చెప్పలేను. వరిగడ్డి పుట్టగొడుగు కాదని మాత్రం ఆ తెల్ల ముద్ర చెప్పింది. తవ్విన దాన్ని కాగితంలో చుట్టి అక్కడి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగానికి చూపించండి, పార్కు వాళ్లకూ చెప్పండి, మీలా ఏరేవాళ్లు ఇంకా ఉండొచ్చు. ఫ్రిజ్‌లోవి రెండు సంచుల్లో వేసి ముడివేసి మూత ఉన్న చెత్తడబ్బాలో పడేయండి. ఎరువు గుంటలో వేయకండి, కుక్కలు తవ్వుకుని తింటే చచ్చిపోతాయి. వాటిని పెట్టిన అర, గిన్నె, కత్తి కడిగేయండి. పక్కన ఇంకేవైనా పుట్టగొడుగులు పెట్టి ఉంటే అవీ పారేయండి, ఏ తుంప ఎందులో కలిసిందో చెప్పలేం. ముద్ర పడిన కాగితాన్ని మాత్రం పారేయకండి, పాపకు చూపించండి.